పోటు చూసుకుని లెక్కపెట్టు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనకు ఈసారి నీవు కూడా కాకినాడ తీరానికి వెళుతున్నావని అక్కయ్య చెప్పగా విని సంతోషించాను. పిట్టలను గుర్తుపట్టడం నీకు బాగానే వచ్చు కనుక ఆ సంగతి వ్రాయను. ఆటుపోట్ల గురించి మాత్రం కొంత చెప్పాలి.

నీరు తీసినప్పుడు ఉల్లంకులు, అంటే తీరపు బురదలో మేసే పిట్టలు, బురదమేటలంతటా చెదిరి పురుగులను, చిన్న నత్తలను ఏరుకుంటూ ఉంటాయి కనుక అప్పుడు లెక్క కుదరదు. పోటు ఎక్కి మేట మునిగే కొద్దీ అవి ఎత్తైన ఇసుక తిన్నెల మీదికి చేరి, గాలికి ఎదురుగా ఒంటికాలిపై నిలబడతాయి. లెక్కపెట్టవలసింది ఆ గంటలోనే. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక నిన్నటి వేళ నేటికి పనికిరాదు.

తొలినాళ్లలో నేను ఒక అష్టమి నాడు వెళ్లి, తిన్నె మీద కనబడిన గుంపును లెక్కించి, అంతకు ముందు ఏడాది అమావాస్య పోటులో తీసిన లెక్కతో పోల్చి, పక్షులు సగానికి తగ్గాయని నివేదికలో వ్రాశాను. పడవ నడిపే పెద్దాయన అది విని, "అష్టమి పోటుకి మేట మునగదండి మాస్టారూ, పిట్టలు అక్కడే మేస్తుంటాయి" అన్నాడు. నివేదిక మళ్లీ వ్రాసుకున్నాను. అందుకే నీ పుస్తకంలో సంఖ్య పక్కన తిథి, వేళ, పోటు ఎత్తు, గాలి, ఆ చుట్టుపక్కల తిరిగిన కుక్కలు, వలలు కూడా ఉండాలి. ఒక్క పిట్టా లేకపోతే సున్నా అని వ్రాయాలి.

సూర్యుణ్ణి వీపు వెనుక ఉంచుకో. నిద్రలో ఉన్న పక్షులు తలలెత్తాయంటే నీవు మరీ దగ్గరకు వెళ్లావన్నమాట, అక్కడే కూర్చో. పక్షిని గుర్తుపట్టడానికి పరిశోధకులు కాలికి తొడిగే, అక్షరాలున్న రంగు జెండా కనిపిస్తే కుడి ఎడమలు పక్షివే, నీవి కావు. అక్షరాలు ఆనకపోతే రంగు మాత్రమే వ్రాయి. ఊహించి వ్రాసిన అక్షరం మరో పక్షిని పుట్టిస్తుంది.

ఇంత పట్టింపు ఎందుకంటావేమో. దక్షిణ కొరియాలోని సేమాన్‌గమ్ దగ్గర 33 కిలోమీటర్ల గట్టుతో 2006లో సముద్రాన్ని మూసేశాక, వలసదారిలో అక్కడి బురదమేటల మీద దిగే గ్రేట్ నాట్ అనే ఉల్లంకులు వేరే తీరానికి మారాయా, నశించాయా అన్న ప్రశ్న వచ్చింది. అవి వలస వెళ్లే ఆస్ట్రేలియాలో ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో తీసిన లెక్కల్లోనూ వాటి సంఖ్య పడిపోయింది కనుకనే నశించాయని నమ్మవలసి వచ్చింది. కాకినాడలోనూ ఆ పిట్ట కనిపిస్తుంది, జాగ్రత్తగా చూడు.

నా టెలిస్కోపు పంపుతున్నాను. స్టాండు మూడో కాలు కొంచెం వదులు. సుతిలి తాడుతో బిగించుకో.