బైబిల్ యాప్ తెరిస్తే రీల్స్‌లో తేలుతున్నాను. క్రైస్తవుడిగా స్మార్ట్‌ఫోన్ మానేయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఆరాధనలో వాక్యం తీయడానికి ఫోన్ పట్టుకుంటే పైన వాట్సాప్ మెసేజ్ కనబడుతుంది, అది చూసొచ్చేలోపు ప్రసంగం సగం అయిపోతుంది. రాత్రి ప్రార్థనకి కూర్చుంటే రీల్స్‌లో తేలుతున్నారు. కీప్యాడ్ ఫోన్‌కి మారిపోవాలా, వాడుతూనే జాగ్రత్తపడే దారి ఏమైనా ఉందా అని.

నేను కీప్యాడ్ ఫోన్‌కి మారాను. సరిగ్గా పదకొండు రోజులు. పన్నెండో రోజు డ్యూటీ మార్చిన సంగతి ఆఫీసు గ్రూపులో పెట్టారట, అది తెలియక తప్పు షిఫ్టుకి వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. సాయంత్రమే పాత ఫోన్‌లో సిమ్ వేశాను. కాబట్టి మానేయమని నేను చెప్పలేను. నాకు ఎక్కడ దెబ్బ తగిలిందో మాత్రం చెబుతాను.

నాది తెనాలి వైపు. 2020 లాక్‌డౌన్ నుంచి మా సంఘం వాట్సాప్ గ్రూపు, ఆదివారం యూట్యూబ్ లైవ్ నేనే చూస్తున్నాను. సండే స్కూల్లో పిల్లలకి పాఠం కూడా చెబుతాను. అంటే ఫోన్ పట్టుకోవడానికి నాకు ఎప్పుడూ ఒక పవిత్రమైన కారణం ఉండేది. నన్ను ముంచింది అదే.

క్రైస్తవులకి టెక్నాలజీ గురించి చెప్పమంటే ముందుగా అశ్లీల వీడియోలు, జూదం యాప్‌లు, చెడ్డ సినిమాలు అంటాం. అవి తప్పని అందరికీ తెలుసు, చూసేవాడికీ తెలుసు. నేను మునిగింది వాటిలో కాదు, ప్రసంగాల్లో. ఒకరోజు ఏ యాప్ ఎంతసేపు వాడామో ఫోన్‌లో చూపించే డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి చూస్తే యూట్యూబ్ 3 గంటల 10 నిమిషాలు, బైబిల్ యాప్ 4 నిమిషాలు. ఆ మూడు గంటల్లో సినిమా ముక్క ఒక్కటీ లేదు. అన్నీ వాక్యాలు, పాటలు, ఒక బోధకుడి మీద ఇంకో బోధకుడి కౌంటర్ వీడియోలు. ఎవరు ఎవరిని అబద్ధ బోధకుడు అన్నారో తేదీలతో సహా చెప్పగలిగేవాణ్ణి. బైబిల్లోని హబక్కూకు గ్రంథంలో ఏముందని అడిగితే నీళ్ళు నమిలేవాణ్ణి. కామెంట్లలో ముక్కూ మొహం తెలియని మనిషితో రాత్రి పన్నెండు దాకా సిద్ధాంతం వాదించి, పొద్దున తెల్లవారుజాము ప్రార్థనకి లేవలేని రోజులు చాలానే ఉన్నాయి.

బైబిల్ యాప్‌లో ఆ 4 నిమిషాల కథ ఇంకా సిగ్గుచేటు. అందులో వరసగా ఎన్ని రోజులు తెరిచామో లెక్క చూపిస్తుంది. నాది 214 రోజులు. ఆ అంకె ఎక్కడ తెగిపోతుందోనని రాత్రి 11:55కి నిద్రకళ్ళతో తెరిచి, ఒక వచనం కనబడగానే మూసేసేవాణ్ణి. తర్వాత ఒకసారి జ్వరం వచ్చి అది తెగిపోయింది. నిజం చెప్పాలంటే బాధపడ్డాను, బైబిల్ చదవనందుకు కాదు, అంకె సున్నా అయినందుకు.

తర్వాత నేను చేసిన మార్పు చాలా మామూలుది. ఒక అలారం గడియారం కొన్నాను. అప్పటిదాకా అలారం పేరుతో ఫోన్ తలగడ పక్కనే ఉండేది, కళ్ళు తెరిచేసరికే చేతిలో ఉండేది. ఇప్పుడు రాత్రి పదికి ఫోన్ ఫ్రిజ్ మీదికి వెళ్తుంది, పొద్దున బైబిల్ చదువుకుని ప్రార్థన అయ్యాకే కిందికి దిగుతుంది. కొత్తలో ఆ గడియారం టిక్కు టిక్కు చప్పుడుకి మా ఆవిడ రెండు రోజులు నిద్రపోలేదు. దాన్ని తీసుకెళ్ళి హాల్లో పెట్టాను. అదే మేలైంది, మోగినప్పుడు ఆపాలంటే లేచి నడవాలి.

ఆదివారం కాగితం బైబిల్ తీసుకెళ్తాను. యాప్‌లో వచనం పాపమేమీ కాదు. బస్సులో, ఆసుపత్రి వరండాలో అదే దిక్కు. కళ్ళు మసకబారిన పెద్దలకి అక్షరం పెద్దది చేసుకునే వీలుంది, ఒక మాట ఎక్కడెక్కడ వచ్చిందో క్షణంలో వెతకొచ్చు. కానీ కాగితం మీద చదివితే ఆ మాట కుడి పేజీలో కింది మూలన ఉందని కంటికి గుర్తుంటుంది. పైగా రోమా పత్రిక మధ్యలో కరెంటు బిల్లు మెసేజ్ రాదు. యాప్‌లోనే చదవాలనుకుంటే తెలుగు బైబిల్ డౌన్‌లోడ్ చేసుకుని, మందిరం మెట్లెక్కేముందు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మీరు చెప్పిన ఇబ్బంది సగం అక్కడే తీరిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

మా సంఘంలో ఒక చెల్లి ఉంది, అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక వాళ్ళమ్మగారు నా దగ్గరికి వచ్చి, స్కానింగ్‌లో గర్భసంచిలో గడ్డ ఉందన్నారు, ప్రార్థన చేయండి అన్నారు. ఆవిడ చెప్పింది నాకు, పక్కనే ఉన్న మా పాస్టరమ్మగారికి. నేను ఇంటికెళ్ళే దారిలో బండి ఆపి, 180 మంది ఉన్న గ్రూపులో టైప్ చేశాను. అమ్మాయి పేరు, ఊరు, జబ్బు, ఏ ఆసుపత్రిలో చూపిస్తున్నారో, అన్నీ. చివర 'అత్యవసర ప్రార్థన మనవి' అని మూడు చేతుల బొమ్మలు. రెండు నిమిషాల్లో నలభై ఆమెన్‌లు వచ్చాయి. ఏదో గొప్ప పరిచర్య చేసినట్టు అనిపించింది.

ఆ మెసేజ్‌ని ఎవరో పక్క ఊరి సంఘం గ్రూపుకి పంపారు, అక్కడి నుంచి ఇంకెక్కడికో. రెండో రోజుకే ఆ చెల్లికి మాట్లాడుతున్న పెళ్ళి సంబంధం వాళ్ళ చేతిలో ఉంది. నేను డిలీట్ చేశాను, 'అందరికీ డిలీట్' నొక్కాను. అది మా గ్రూపులో ఉన్నదాన్నే తీసేస్తుంది, ఫార్వర్డ్ అయిపోయినవి అలాగే ఉంటాయి. సంబంధం వెనక్కి వెళ్ళింది. గడ్డ మామూలుదేనని తేలింది, మందులతో తగ్గింది కూడా. ఆ కబురు మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

మా పాస్టర్ అయ్యగారితో కలిసి వాళ్ళింటికి వెళ్ళాను. ఆ చెల్లి గదిలోంచి బయటికి రాలేదు. వాళ్ళమ్మగారు మంచినీళ్ళిచ్చి, కాసేపాగి, "మోకాళ్ళేసి దేవుడితో చెబుతావనుకున్నాను బాబూ, నువ్వు ఊరందరికీ చెప్పావు" అన్నారు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. గది తలుపు వేసుకుని రహస్యమందున్న తండ్రికి ప్రార్థన చేయమన్న యేసు మాట (మత్తయి 6:6) సండే స్కూల్లో పిల్లలకి ఎన్నిసార్లు కంఠత పట్టించానో. ఆరోజు వాళ్ళ మూసిన గది తలుపు ఎదురుగా కూర్చుంటే అది గుర్తొచ్చింది.

ఇప్పుడు మా గ్రూపులో మనవి పెట్టాలంటే ఆ మనిషినో, ఇంట్లోవాళ్ళనో ముందు అడగాలి. పేరు వద్దంటే 'మన సహోదరి ఒకరి ఆరోగ్యం కోసం' అంతే. జబ్బు పేరు రాయం. రిపోర్టు ఫోటోలు, ఐసీయూ ఫోటోలు అసలే లేవు. బాప్తిస్మం ఫోటోలు కూడా అడగకుండా పెట్టం, ఇంట్లో ఇంకా చెప్పుకోలేని పరిస్థితిలో ఉన్నవాళ్ళు ఉంటారు. 'వివరం తెలియకుండా భారంగా ఎలా ప్రార్థిస్తాం బ్రదర్' అని ఒకరిద్దరు నొచ్చుకున్నారు. దేవుడికి వివరాలు తెలుసండీ అన్నాను. కొంచెం పొగరుగానే అన్నానేమో, అయినా మార్చుకోలేదు.

ఫార్వర్డ్‌ల గురించి ఎక్కువ చెప్పను. రేపు ఉదయం 22 మంది మిషనరీలకి మరణశిక్ష, వెంటనే ప్రార్థించండి, పది మందికి పంపండి అనే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ఏళ్ళ తరబడి తిరుగుతోంది, దానికి ఆ 'రేపు' ఎప్పుడూ రేపే. వాట్సాప్ కూడా 2018లో మన దేశంలో ఫార్వర్డ్‌ని ఐదు చాట్‌లకి, 2020 ఏప్రిల్‌లో మరీ ఎక్కువ తిరిగిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కి కట్టడి చేసింది. నిర్గమకాండము 23:1లో 'లేనివార్తను పుట్టింపకూడదు' అని ఉంది. పుట్టించింది నేను కాదు, మోసింది మాత్రమే అని తప్పించుకోవచ్చు. పై కథ అయ్యాక నాకు ఆ ధైర్యం లేదు.

డబ్బు సంగతి కూడా ఒక ముక్క. కట్లు కట్టిన పిల్లాడి ఫోటో, కింద క్యూఆర్ కోడ్, పైన ఒక వాక్యం. కన్నీళ్ళు వచ్చి 2,000 వేశాను. నెల తిరక్కుండా అదే ఫోటో ఇంకో పేరుతో వచ్చింది. మోసపోయామని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని అప్పట్లో నాకు తెలియదు. ఇప్పుడు ముఖం ఎరిగిన మనిషికో, మా సంఘం ద్వారానో తప్ప పంపను.

ఈమధ్య ఏఐ కూడా వచ్చి చేరింది. ఒక శనివారం రాత్రి టైమ్ లేక సండే స్కూల్ పాఠాన్ని దాన్నే తయారు చేయమన్నాను. చక్కటి తెలుగులో ఇచ్చింది. మర్నాడు పిల్లల ముందు నిలబడి 'సామెతలు 32వ అధ్యాయం తీయండి' అన్నాను. ఐదో తరగతి పిల్ల ఒకతి పేజీలు అటూ ఇటూ తిప్పి, "అన్నా, సామెతలు 31తోనే అయిపోయింది కదా" అంది. బెరయ పట్టణంవారు అపొస్తలుడైన పౌలు చెప్పిన సంగతులనే లేఖనాల్లో పరిశీలించి చూసుకున్నారు (అపొస్తలుల కార్యములు 17:11), నేను ఒక యాప్ చెప్పినదాన్ని పరిశీలించకుండా చెప్పబోయాను. ఇప్పటికీ దాన్ని వాడతాను, క్విజ్ ప్రశ్నలకి, బొమ్మల ఐడియాలకి. వచనం మాత్రం బైబిల్లో వేలు పెట్టి చూసుకున్నాకే.

ఇంత చెప్పాక టెక్నాలజీ మీద నాకు పగ ఉందనుకోకండి. 1818లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్ అచ్చుయంత్రం మీద తెలుగు కొత్త నిబంధన వచ్చింది. అచ్చే లేకపోతే మా ముత్తవ్వ చేతికి వాక్యం వచ్చేదే కాదు. మా నాయనమ్మ సాయంత్రం వంట ఆపి మరీ, సీషెల్స్ దీవుల నుంచి షార్ట్‌వేవ్‌లో వచ్చే తెలుగు కార్యక్రమం వినేది. గరగర మధ్య మాట అందక రేడియోని కిటికీలో ఒకసారి, గడప మీద ఒకసారి పెట్టేది. 2020 ఏప్రిల్ 12న ఈస్టర్ రోజు మందిరానికి తాళం వేసి ఉంటే, మేము అయ్యగారి ఇంట్లో పాటల పుస్తకాలు దొంతరగా పేర్చి దాని మీద ఫోన్ నిలబెట్టి లైవ్ పెట్టాం. మొదటి పది నిమిషాలు సౌండే రాలేదు. అయినా ఆరోజు ఏడ్చినవాళ్ళున్నారు.

లాక్‌డౌన్ అయ్యాక చిక్కు వచ్చింది. ఒంట్లో శుభ్రంగా ఉన్నవాళ్ళు, మందిరానికి అరకిలోమీటరు దూరంలో ఉన్నవాళ్ళు, 'లైవ్ చూస్తున్నాం బ్రదర్' అనడం మొదలుపెట్టారు. అందరం కలిసి రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభు బల్ల రోజు కూడా. లైవ్ ఆపేద్దామని నేనే అన్నాను. అప్పుడు కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన మా సంఘం సిస్టర్ ఒకరు వాయిస్ మెసేజ్ పెట్టారు. ఆవిడకి ఆదివారం సెలవు లేదు. మన పది గంటల ఆరాధన అక్కడ ఏడున్నరకి, వంటగదిలో టిఫిన్ చేస్తూ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటారట. ఇది ఆపేస్తే నాకు మందిరమే లేదన్నారు. ఆపలేదు. ఊళ్ళో ఉండి రానివాళ్ళ ఇళ్ళకి మాత్రం అయ్యగారు, నేను సైకిళ్ళేసుకుని వెళ్ళడం మొదలుపెట్టాం. కొందరు వచ్చారు, ఇద్దరు ముగ్గురు తలుపు తీయలేదు.

యోహాను రెండో పత్రిక చివర ఒక మాట ఉంది. రాయాల్సింది చాలా ఉంది గానీ సిరాతో, కాగితంతో కాదు, వచ్చి ముఖాముఖిగా మాట్లాడతాను అంటాడు. ఆ కాలానికి సిరా, కాగితమే కదా దూరాన ఉన్నవాళ్ళకి మాట చేరవేసేది. వాటితోనే ఆ ముక్క రాస్తూ, అవి చాలవని కూడా అంటున్నాడు. ఇప్పుడు ఏదైనా పోస్ట్ చేయబోయేముందు నన్ను నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి దగ్గరికి నేను నడిచి వెళ్ళగలనా? వెళ్ళగలిగితే ఫోన్ జేబులో పెట్టేస్తాను.

మా వీధి చివర చూపు పోయిన ఒక అవ్వ ఉంది. ఆమెకి మెమరీ కార్డులో తెలుగు ఆడియో బైబిల్ ఎక్కించి చిన్న స్పీకర్ ఇచ్చాను. బటన్ గుర్తుపట్టడానికి దాని మీద బొట్టుబిళ్ళంత గుడ్డ ముక్క అంటించాను. పొద్దస్తమానం వింటుంది. కొన్నాళ్ళకి వెళ్తే, "డబ్బా బాగానే చదువుతుందయ్యా, కానీ మధ్యలో ఆగి, అర్థమైందా అవ్వా అని అడగదు" అంది.

అప్పట్నుంచి బుధవారం సాయంత్రాలు నేనే వెళ్తున్నాను. స్పీకర్ ఆపి నేను చదువుతాను. ఇప్పుడు యోబు గ్రంథం నడుస్తోంది, కష్టాల్లో ఉన్న యోబుని ఓదార్చడానికి వచ్చి తప్పుపట్టిన స్నేహితుల మీద ఆమెకి మహా కోపం. ఏడు రోజులు నోరెత్తకుండా పక్కన కూర్చున్నారు చూడూ, అంతవరకే మంచోళ్ళు అంటుంది. ఫోన్ బండి డిక్కీలోనే వదిలేస్తాను, ఆ ఇంట్లో సిగ్నల్ ఎలాగూ రాదు.