10 లక్షల్లో సొంతంగా ట్రాక్ రేస్ కార్ బిల్డ్ చేయడం అవుతుందా?

అవుతుంది బ్రో, కానీ 10 లక్షలకి కారు తయారవుతుంది అంతే, దాన్ని ట్రాక్ మీద తిప్పడానికి మళ్లీ వేరే డబ్బులు చూసుకోవాలి. మేం ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి హైదరాబాద్‌లో ఒక పాత మారుతి ఎస్టీమ్‌ని అలా మార్చాం, మాది 14 దాటింది.

ఎస్టీమే ఎందుకంటే బండి తేలిక, 1.3 లీటర్ ఇంజన్, మన దేశంలో ఏళ్ల తరబడి రేసుల్లో అవే తిరిగాయి కాబట్టి దాని గుట్టుమట్లు తెలిసిన మెకానిక్‌లు చెన్నై, కోయంబత్తూరు వైపు ఇంకా ఉన్నారు. బండి 70 వేలకే వచ్చింది, అది చూసే అందరూ టెంప్ట్ అయిపోతారు, ఆ తర్వాత ఉంటుంది ముసళ్ల పండగ.

డబ్బంతా ఇంజన్ ట్యూనింగ్‌కి పోతుందనుకుంటారు గానీ, మాకు ఒక్క హెచ్‌పీ కూడా పెంచని వాటికే సగం పోయింది. రోల్ కేజ్ (బండి బోల్తా పడ్డా మనిషి నలిగిపోకుండా లోపల బిగించే పైపుల చట్రం) సంగతే చూడండి. గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో ఏదో పైపు వంపించి బిగిస్తే రేసుకి ముందు చేసే స్క్రూటినీ చెకింగ్‌లో వెనక్కి పంపేస్తారు. అతుకు లేని కోల్డ్ డ్రాన్ (వేడి చేయకుండా లాగి చేసిన) స్టీల్ ట్యూబే కావాలి, ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటార్ స్పోర్ట్ సంస్థ) రూల్స్‌లో మెయిన్ హూప్‌కి (డ్రైవర్ వెనక ఉండే పెద్ద వంపు పైపు) 45 ఎంఎం వ్యాసం, 2.5 ఎంఎం మందం, లేదంటే 50కి 2. అది నొక్కుకుపోకుండా వంచే మెషిన్ ఉన్నోడు దొరకాలి, డ్యాష్‌బోర్డు, సీట్లు, వైరింగ్ అన్నీ పీకేసి మనిషి లోపలికి దూరి వెల్డ్ చేయాలి, అందుకే మెటీరియల్ కంటే లేబరే ఎక్కువైంది. ఇక ఎఫ్‌ఐఏ సీటు, బెల్టులకి ఎక్స్‌పైరీ ఉంటుంది, తయారైనప్పటి నుంచి లెక్క, మామూలుగా 5 ఏళ్లు, ఎవరూ కూర్చోకపోయినా సరే! సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కనిపించేవి చాలావరకు ఆ గడువు దాటినవే.

ఇంకోటి, ఒక పార్ట్ మారిస్తే అక్కడితో ఆగదు. సెమీ స్లిక్ టైర్లు (గాడులు తక్కువ ఉండే ట్రాక్ టైర్లు) వేశాం, గ్రిప్ బాగా పెరిగింది, దాంతో పొడుగు మలుపుల్లో సంప్‌లో (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) ఆయిల్ మొత్తం ఒక పక్కకి పోయి, దాన్ని పీల్చే పికప్ పైపుకి అందక ప్రెషర్ పడిపోవడం మొదలైంది, సంప్ విప్పి లోపల ఆయిల్ పక్కకి పోకుండా అడ్డుగా బాఫిల్ ప్లేట్లు పెట్టించాం. వేగం పెరిగేసరికి మామూలు బ్రేక్ ఫ్లూయిడ్ కాగిపోయి పెడల్ మెత్తబడిపోయింది, మళ్లీ ప్యాడ్లు, రేసింగ్ ఫ్లూయిడ్. ఇలాంటి బండికి లేత్ పనులన్నీ ఒక్కొక్క పీసే కాబట్టి మెషిన్ సెట్ చేసే టైమ్ అంతా మన బిల్లులోనే పడుతుంది.

అన్నీ అయ్యాక అది రోడ్డు మీద నడపకూడని బండి, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్లాలంటే ఫ్లాట్‌బెడ్ మీద 600 కి.మీ. పైనే, రానూపోనూ డీజిలు, టోల్స్. మామూలు ఇన్సూరెన్స్ రేసింగ్‌కి వర్తించదు, గోడకి గుద్దితే మొత్తం మన జేబులోంచే.

నన్నడిగితే ముందు కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో ఫార్ములా ఎల్‌జీబీ కారుతో (కొత్తవాళ్లు నేర్చుకునే ఒంటి సీటు రేస్ కారు) ట్రైనింగ్ చేసి, ఎఫ్‌ఎంఎస్‌సీఐ (మన దేశ మోటార్ స్పోర్ట్ సంస్థ) లైసెన్స్ తీసుకుని, ఒక సీజన్ అద్దె కారుతో తిరగండి. అప్పటికీ బిల్డ్ చేయాలనే ఉంటే, బండి కొనకముందే కేజ్ చేసేవాళ్ల దగ్గర కొటేషన్ రాయించుకోండి.