డెంటల్ క్లినిక్ ఆటోక్లేవ్: తెల్ల పొర, తలుపు దగ్గర ఆవిరి, తడి పౌచ్‌లు

డాక్టర్ గారూ, క్లినిక్ పెట్టి ఏడాది కాకముందే ఆటోక్లేవ్ (ఒత్తిడిలోని ఆవిరితో పరికరాల్ని స్టెరైల్‌గా, అంటే ఏ సూక్ష్మక్రిమీ లేకుండా చేసే మెషీన్) ఛాంబర్‌లో తెల్లటి పొర కట్టిందని, తలుపు అంచు నుంచి ఆవిరి వస్తోందని, పరికరాలు పెట్టి సీల్ చేసే పౌచ్‌లు తడిగా బయటికి వస్తున్నాయని రాశారు. ఎలా శుభ్రం చేయాలి, మెషీన్ మార్చాలా అని అడిగారు. మార్చాల్సిన అవసరం ఉండకపోవచ్చు. నేను నల్గొండ జిల్లాలో ఒక డెంటల్ క్లినిక్‌లో చాలా ఏళ్లుగా స్టెరిలైజేషన్ పని చూస్తున్నాను. మీరు చెప్పిన మూడింటిలో ఏది వచ్చినా నేను మొదట అడిగేది ఒకటే: ఏ నీళ్లు పోస్తున్నారు?

"ఆర్ఓ నీళ్లే" అన్న జవాబు తరచుగా వింటాను. తాగడానికి ఇళ్లలో పెట్టుకునే ఆర్ఓ మెషీన్లలో చాలావాటికి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది. రుచి కోసం అది శుద్ధి చేసిన నీటిలో కొంత మామూలు నీటిని కలుపుతుంది. అది తాగడానికి మంచిదే కానీ ఆటోక్లేవ్‌కి పనికిరాదు. 20 లీటర్ల క్యాన్ నీళ్లతోనూ ఇదే ఇబ్బంది. ఇక మా వైపు బోరు నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. అందరూ ఫ్లోరైడ్ గురించే మాట్లాడతారు గానీ, ఆటోక్లేవ్‌లో పొర కట్టేది ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీళ్లు ఆవిరైపోయినా లవణాలు అక్కడే ఉండిపోతాయి. నీటిని కాచే హీటర్ కాయిల్ మీద, ఛాంబర్ అడుగున, సన్నటి గొట్టాల్లో పేరుకుంటాయి. కాయిల్ మీద పొర కడితే దాని వేడి నీటికి సరిగా అందదు, అదే వేడికి కాయిల్ కాలిపోతుంది. నీటిలో క్లోరైడ్లు ఎక్కువగా ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడా చిన్న చిన్న గుంటలు పడతాయి. మాకు తెలిసిన ఒక క్లినిక్‌లో హీటర్ మార్చిన కొన్నాళ్లకే అది మళ్లీ పోయింది. నీళ్లు మార్చాక ఆ గొడవ ఆగింది.

అందుకే డిస్టిల్డ్ వాటరే వాడండి. టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, ఒకటి కొని స్టెరిలైజేషన్ టేబుల్ మీద పెట్టుకోండి. బ్యాటరీ షాపుల్లో డిస్టిల్డ్ అని అమ్మే నీళ్లలో కూడా మీటరు ముంచి చూడండి. రీడింగ్ 10 దాటితే నేను ఆ క్యాన్ వెనక్కి పంపేస్తాను. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోసేవాళ్లూ ఉన్నారు. ఆ నీటిలో లవణాలు తక్కువే కానీ దుమ్ము, నాచు, బ్యాక్టీరియా, ఏసీ కాయిల్ నుంచి వచ్చిన లోహపు మురికి ఉంటాయి. దయచేసి ఆ పని చేయకండి.

ఇప్పటికే కట్టిన పొర సంగతి. మెషీన్ స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారనివ్వండి. ట్రేలు, ట్రే స్టాండు బయటికి తీసి విడిగా కడగండి. ఛాంబర్‌ని మెత్తటి బట్టతో, డిస్టిల్డ్ వాటర్‌తో తుడవండి. దానికి పోకపోతే కంపెనీ సూచించిన క్లీనర్ వాడండి. కొన్ని మోడళ్లకి సిట్రిక్ యాసిడ్ ద్రావణం వాడవచ్చని మాన్యువల్‌లోనే ఉంటుంది. మాన్యువల్ ఒప్పుకుంటేనే ఆ పని చేయండి. క్లీనర్ వేసిన సైకిల్‌లో (మెషీన్ మొదటి నుంచి చివరి దాకా ఒకసారి నడవడం) లోపల ఒక్క ఇన్‌స్ట్రుమెంట్ కూడా ఉండకూడదు. తర్వాత ఆ నీళ్లు వదిలేసి, డిస్టిల్డ్ వాటర్‌తో ఖాళీ సైకిళ్లు నడిపి కడిగేయాలి. స్టీలు పీచు, ఆకుపచ్చ స్క్రబ్బర్ ముట్టుకోవద్దు. గీతలు పడిన చోట మురికి పట్టుకుంటుంది, పీచు నుంచి రాలిన ఇనుప రజను తుప్పు పడుతుంది. బ్లీచింగ్, హైపోక్లోరైట్ అసలు వద్దు, అవి స్టీలును తినేస్తాయి.

అడుగున జల్లెడలా ఉండే ఫిల్టర్‌ని చాలామంది మర్చిపోతారు. దాన్ని తీసి మెత్తటి బ్రష్‌తో కడగండి. అందులో దూది పోగులు, పౌచ్ కాగితం ముక్కలు, డెంటల్ సిమెంట్ పొడి ఇరుక్కుని ఉంటాయి. అది మూసుకుపోతే ఆవిరి సరిగా బయటికి పోదు, పౌచ్‌లు తడిగానే ఉంటాయి. గుండ్రంగా తెల్లగా ఉండే బ్యాక్టీరియా ఫిల్టర్ వేరు. ఆరబెట్టే సమయంలో లోపలికి వచ్చే గాలిని వడకట్టేది అదే. దాన్ని కడగకూడదు, గడువు రాగానే మార్చాలి.

ఆవిరి లీకుకు ఎక్కువసార్లు కారణం గాస్కెటే. అది తలుపు చుట్టూ ఉండే సిలికాన్ రబ్బరు రింగు. దాని మీద ఒక వెంట్రుక ఉన్నా, పౌచ్ అంచు ఇరుక్కున్నా సీల్ కుదరదు. రోజూ పొద్దున మెషీన్ వేసే ముందు గాస్కెట్‌ని, అది ఆనే తలుపు అంచుని తడి బట్టతో తుడవండి. వేలితో చుట్టూ తడిమి చూడండి. పగులు, గట్టిబడటం, ఒకచోట చదునైపోవడం కనిపిస్తే తుడిచి లాభం లేదు, కొత్తది వేయాలి. వాజలీన్, నూనె, గ్రీజు రాయకండి. వాటికి సిలికాన్ ఉబ్బుతుంది, ఆ జిడ్డు ఆవిరితో ఇన్‌స్ట్రుమెంట్ల మీదికి చేరుతుంది. లీకు ఉందని హ్యాండిల్‌ని బలంగా బిగించడం కూడా ప్రమాదం. రాత్రి తలుపు బిగించి వెళ్లిపోకుండా కొంచెం తెరిచి ఉంచితే గాస్కెట్ ఎక్కువ కాలం వస్తుంది, ఛాంబర్ కూడా ఆరుతుంది. స్పేర్ గాస్కెట్ ఒకటి ఎప్పుడూ క్లినిక్‌లో ఉండాలని నేను గట్టిగా చెబుతాను.

రిజర్వాయర్ (మెషీన్‌లోని నీళ్ల ట్యాంకు) నీళ్లు వారానికోసారి పూర్తిగా వదిలి కొత్తవి పోయండి. కొంచెం తగ్గినప్పుడల్లా పైన పోస్తూ పోతే అడుగున జిగురు పడుతుంది. సేఫ్టీ వాల్వ్‌ని మాన్యువల్ చెప్పిన గడువుకి, చెప్పిన పద్ధతిలోనే పరీక్షించాలి. ఏడాదికోసారి ప్రెషర్ గేజ్, టెంపరేచర్ కాలిబ్రేషన్ బయోమెడికల్ ఇంజినీర్‌తో చేయించి కాగితం తీసుకోండి.

తడి పౌచ్‌ల విషయంలో ఫిల్టర్లు చూశాక లోడ్ చూడండి. పౌచ్‌ల్ని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, స్టాండులో పుస్తకాల్లా నిలబెడితే ఆవిరి అన్ని వైపులా తిరుగుతుంది. ఇది చిన్న విషయం కాదు. తడిసిన కాగితంలోంచి సూక్ష్మక్రిములు లోపలికి వెళ్లగలవు కాబట్టి తడి పౌచ్‌ని స్టెరైల్ అనుకోకూడదు, కొత్త పౌచ్‌లో మళ్లీ వేయాల్సిందే. హ్యాండ్‌పీస్‌కి (పన్ను డ్రిల్ చేసే పరికరం) నూనె వేశాక ఎక్కువైనది బయటికి పోనివ్వకుండా లోపల పెడితే ఛాంబర్‌లో గోధుమ రంగు మరకలు వస్తాయి. కార్బన్ స్టీల్ బర్‌లను (డ్రిల్ మొనలు) స్టెయిన్‌లెస్ వాటితో కలపకండి, వాటి తుప్పు మిగతా వాటికి అంటుకుంటుంది. రక్తం ఎండిపోయిన ఫోర్‌సెప్స్‌ని ఎన్నిసార్లు ఆటోక్లేవ్ చేసినా ఉపయోగం లేదు, ముందు కడగడమే అసలు పని.

మీది కుక్కర్ లాంటి నిలువు ఆటోక్లేవ్ అయితే మరో మాట. లోపలి గాలి మొత్తం పోయాకే వాల్వ్ మూయాలి. గాలి పూర్తిగా పోతే 15 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర 121 డిగ్రీలు వస్తాయి. సగం గాలి ఉండిపోతే గేజ్ అదే 15 చూపిస్తుంది కానీ లోపల వేడి 112 దగ్గరే ఆగిపోతుంది. ముల్లు ఒక్కటే చూసి నమ్మకూడదనేది అందుకే.

ప్యాక్‌కి అంటించే ఇండికేటర్ టేప్ మీద చారలు నల్లబడితే ఆ ప్యాక్ వేడికి గురైందని మాత్రమే అర్థం, స్టెరైల్ అయిందని కాదు. సమయం, వేడి, ఆవిరి మూడూ సరిపడా అందాయా చూపే క్లాస్ 5 స్ట్రిప్‌ని ప్యాక్ లోపల పెట్టండి. జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా స్పోర్లతో (వేడికి తేలిగ్గా చావని దాని గట్టి రూపం) చేసే బయలాజికల్ పరీక్ష వారానికోసారి, గాస్కెట్ మార్చినా రిపేరు చేసినా తప్పకుండా చేయాలి. లోపలి గాలిని పంపుతో లాగేసే క్లాస్ బి మెషీన్ అయితే, ఆవిరి సన్నటి గొట్టాల లోపలికీ చేరుతోందా చూసే హెలిక్స్ టెస్ట్ కూడా. ఎండాకాలంలో సైకిల్ మధ్యలో కరెంటు పోయిందా, మిగిలిన నిమిషాలు లెక్కేసుకోకుండా మొదటి నుంచి వేయండి. ఇవన్నీ తేదీతో రిజిస్టర్‌లో రాయించండి. బయోమెడికల్ వ్యర్థాలకు వాడే ఆటోక్లేవ్ వేరుగా ఉండాలని 2016 నియమాల్లోనే ఉంది, వాటిని ఇందులో పెట్టనివ్వకండి.

మీరు ముందు చేయాల్సింది గాస్కెట్ తెప్పించడం. ఆవిరి లీకవుతున్న మెషీన్‌ని ఈ రోజే ఆపేయండి, పక్కన నిలబడేవాళ్లకి కాలుతుంది, సైకిల్ మీద నమ్మకమూ ఉండదు. గాస్కెట్ వచ్చేదాకా పేషెంట్లు ఆగరని టెన్షన్ పడి నీళ్లలో మరిగించి సరిపెట్టకండి, మరిగే నీటికి స్పోర్లు చావవు. 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో ముంచినా స్టెరిలైజేషన్‌కి 10 గంటలు కావాలి, అరగంటతో కాదు. దగ్గర్లోని పెద్ద ఆసుపత్రి సీఎస్ఎస్డీని (పరికరాల్ని స్టెరిలైజ్ చేసే విభాగం) అడగండి, లేదా తోటి డెంటిస్ట్ మెషీన్‌లో మీ పౌచ్‌లు వేయించుకోండి. అదీ కుదరకపోతే సర్జరీలు, ఎక్స్‌ట్రాక్షన్లు వాయిదా వేయండి.