టెక్ సందేహాలు: లింకు నొక్కారు సరే, అది తెరుచుకున్నది ఎక్కడ?

ఊళ్లు వేరు, ఫోన్లు వేరు, కానీ ఈ మధ్య వస్తున్న ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. అందుకే ముందు దాని సంగతి చూసి, తర్వాత మిగతావాటి దగ్గరికి వెళ్దాం.

*మాది చేనేత చీరల వ్యాపారం. సోషల్ మీడియా పేజీలో మా వెబ్‌సైట్ లింకు పెట్టాం. జనం లింకు నొక్కి వస్తున్నారు, చీర కార్ట్‌లో వేసుకుంటున్నారు, డబ్బు కట్టే దగ్గరికొచ్చేసరికి ఆగిపోతోంది. నా ఫోన్లోనూ, సైటు చేసిన అబ్బాయి ఫోన్లోనూ బాగానే ఉంది. తప్పు ఎవరిది? – ఒక పాఠకురాలు, మంగళగిరి*

మీది కాదమ్మా, ఆ అబ్బాయిదీ పూర్తిగా కాదు. మీరిద్దరూ అడ్రస్ టైప్ చేసి బ్రౌజర్‌లో తెరుస్తున్నారు. మీ కస్టమర్లు తెరుస్తున్నది బ్రౌజర్‌లో కాదు. సోషల్ మీడియా యాప్‌లో లింకు నొక్కితే చాలాసార్లు ఆ యాప్ తన లోపలే ఒక కిటికీ తెరిచి మీ సైటును అందులో చూపిస్తుంది. దీన్ని ఇన్-యాప్ బ్రౌజర్ అంటారు. మేం డెవలపర్లం వెబ్‌వ్యూ అంటాం. చూడ్డానికి అచ్చం బ్రౌజర్‌లాగే ఉంటుంది కాబట్టి తేడా ఎవరికీ తెలియదు.

యూపీఐ బటన్ నొక్కగానే మీ సైటు 'యూపీఐ' అని మొదలయ్యే ఒక ప్రత్యేకమైన లింకును పిలుస్తుంది. మామూలు బ్రౌజర్ దాన్ని ఫోనుకు అప్పగిస్తుంది, ఫోను పేమెంట్ యాప్‌ను తెరుస్తుంది. వెబ్‌వ్యూకి ఈ పని దానంతట అది రాదు, యాప్ తయారుచేసినవాళ్లు విడిగా నేర్పాలి. నేర్పకపోతే 'అన్‌నోన్ యూఆర్ఎల్ స్కీమ్' అంటూ ఒక తెల్ల పేజీ వస్తుంది. అది చూసిన కస్టమర్ ఏమనుకుంటారు? ఇదేదో ఫేక్ సైటులా ఉందే అనుకుని వెళ్లిపోతారు. సైటులో గూగుల్ లాగిన్ కూడా పెట్టి ఉంటే అదీ ఆగిపోతుంది, 403 అని ఎర్రర్ చూపిస్తుంది. అది మాత్రం పొరపాటున జరిగేది కాదు. ఇలాంటి కిటికీల్లో తన లాగిన్ పనిచేయదని గూగుల్ 2016లోనే ప్రకటించి, ఆ తర్వాత నుంచి ఆపుతూ వచ్చింది.

ప్రస్తుతానికి చేయాల్సింది చెబుతాను. పేజీ పైనున్న మూడు చుక్కలు నొక్కి 'ఓపెన్ ఇన్ బ్రౌజర్' ఎంచుకోమని మీ పోస్టులోనే ఒక ముక్క రాయండి. ఇక సైటు చేసిన అబ్బాయికి రెండు పనులు. వచ్చినవాళ్లు యాప్ లోపలి కిటికీలో ఉన్నారని గుర్తించి, బయటకు ఎలా రావాలో పేజీ పైన ఒక్క లైన్లో చూపించాలి. రెండోది, కార్ట్‌ను ఫోన్లోని కుకీల (వచ్చినవాళ్లను గుర్తుపట్టడానికి సైటు దాచుకునే చిన్న ఫైళ్ల) మీద మాత్రమే ఆధారపడేలా ఉంచకూడదు. లోపలి కిటికీ కుకీలు వేరు, బ్రౌజర్ కుకీలు వేరు. బయటకు రాగానే కార్ట్ ఖాళీగా కనిపిస్తే, ఏరుకున్న మూడు చీరలనూ మళ్లీ వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. కార్ట్ నంబరు లింకులోనే వెళ్లేలా చేస్తే సరి.

మీ ప్రశ్నకు జవాబు అయిపోయింది. నాకు టెన్షన్ పెట్టేది వేరే ఉంది.

గూగుల్ తన లాగిన్‌ను ఎందుకు ఆపింది? వెబ్‌వ్యూలో తెరుచుకున్న పేజీ మీద ఆ యాప్‌కు పూర్తి పట్టు ఉంటుంది. పేజీ ఎవరిదైనా సరే, తన సొంత జావాస్క్రిప్ట్‌ను (పేజీలో నడిచే ప్రోగ్రామ్ కోడ్‌ను) అందులో నడిపించగలదు. అంటే మీరు ఏం నొక్కారో, ఏ పెట్టెలో ఏం టైప్ చేశారో చూసే వీలు దానికి ఉంటుంది. ఇది నా ఊహ కాదు. 2022 ఆగస్టులో ఫెలిక్స్ క్రాజ్ అనే డెవలపర్ కొన్ని పెద్ద సోషల్ మీడియా యాప్‌లను పరీక్షించి, అవి తమ లోపల తెరిచే ఇతరుల పేజీల్లో సొంత కోడ్ చేరుస్తున్నాయని చూపించాడు. ఒక యాప్ చేర్చిన కోడ్‌కైతే కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ గమనించే శక్తి ఉంది. కోడ్ ఉన్నంత మాత్రాన పాస్‌వర్డులు దొంగిలిస్తున్నారని కాదని అతనే చెప్పాడు. ఆ కంపెనీలూ అలాంటిదేం లేదన్నాయి. సరే, నమ్ముదాం. కానీ నా కార్డు నంబరు కనిపించే చోట నిలబడి 'నేను చూడటం లేదులే' అనేవాణ్ణి నమ్మాల్సిన అవసరం అసలు నాకెందుకు రావాలి?

దీనికన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. కుకీలు వేరు అన్నాను కదా. అందువల్ల మీరు బ్రౌజర్‌లో రోజూ లాగిన్ అయి ఉండే సైటు కూడా లోపలి కిటికీలో తెరిస్తే మిమ్మల్ని గుర్తుపట్టదు, మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. అసలైన సైటే అడుగుతుంది! ఇలా కొన్నేళ్లుగా జరిగీ జరిగీ, లింకు నొక్కితే పాస్‌వర్డ్ కొట్టడం మన వేళ్లకు అలవాటైపోయింది. మోసగాడికి కావాల్సిందీ ఈ అలవాటే. బ్రౌజర్‌లో అయితే 'నిన్ననే లాగిన్ అయ్యానే, మళ్లీ అడుగుతుందేంటి?' అని ఒక్క క్షణమైనా అనుమానం వస్తుంది. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్ నకిలీ అడ్రసులో దానంతట అది రాదు, అదే పెద్ద హెచ్చరిక. లోపలి కిటికీలో ఈ రెండు అనుమానాలకూ పెద్దగా చోటు లేదు.

పైగా అడ్రస్ సరిగ్గా కనిపించి చావదు. పైన పెద్దక్షరాల్లో పేజీ పేరు, దాని కింద చిన్నగా అడ్రస్, అదీ సగానికి తెగి. ఆ పేరు పేజీ పెట్టినవాడు తనకు తోచినట్టు రాసుకున్నదే. 'ట్రాఫిక్ ఈ-చలాన్' అని మోసగాడు కూడా రాసుకోగలడు. మెసేజ్‌లో లింకు కింద కనిపించే బొమ్మా, శీర్షికా కూడా అంతే, పేజీ యజమాని ఇష్టం. ప్రభుత్వ సైటు అయితే అడ్రసు మొదట్లో 'హెచ్‌టీటీపీఎస్' పక్కనుండే రెండు ఏటవాలు గీతలను (//) వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి గీతకు (/) ముందు భాగం సాధారణంగా 'డాట్ జీఓవీ డాట్ ఇన్'తోనో 'డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్'తోనో ముగియాలి. మధ్యలో ఎక్కడో 'జీఓవీ' అని ఉంటే సరిపోదు. ఇక చలాన్ పేరుతోనో పెళ్లి పత్రిక పేరుతోనో ఏపీకే ఫైల్ (ఫోన్లో యాప్‌ను ఎక్కించే ఫైల్) దిగితే దాన్ని తెరవనే వద్దు. తెరిచి, డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు తర్వాత వెళ్లొచ్చు.

ఇదంతా చేతకాక జరుగుతోందా అంటే కాదు. యాప్ లోపలే పేజీ చూపిస్తూ, ఆ పేజీలోకి యాప్ తొంగిచూడకుండా ఉండే పద్ధతి 2015 నుంచీ ఆండ్రాయిడ్‌లోనూ ఉంది, ఐఫోన్‌లోనూ ఉంది. వాడుకునే యాప్‌లు వాడుకుంటున్నాయి. సోషల్ మీడియా యాప్‌లకు అది రుచించదు. మనం బయటకు పోతే మళ్లీ రామేమోనని వాటి బెంగ. లింకులను నేరుగా బ్రౌజర్‌లో తెరిచే సెట్టింగ్ కొన్ని యాప్‌లలో ఉంటుంది గానీ, ఐదారు మెనూల లోపల దాచి ఉంటుంది. ఓపిక చేసుకుని వెతికి, ఒకసారి ఆన్ చేసి పెట్టుకోండి.

*పేజీ అడుగున ఉన్న సబ్మిట్ బటన్ ఫోన్లో కనిపించడం లేదు. ల్యాప్‌టాప్‌లో విండోను ఫోన్ సైజుకు తగ్గించి చూస్తే కనిపిస్తోంది. కోడ్ కూడా పంపుతున్నాను. – ఒక కొత్త డెవలపర్, హనుమకొండ*

ఎత్తు '100 వీహెచ్' (స్క్రీన్ ఎత్తును బట్టి లెక్కేసే కొలత) అని రాశావు, అందుకే. ఫోన్ బ్రౌజర్‌లో అడ్రస్ బార్ ఒకసారి కనిపిస్తుంది, స్క్రోల్ చేస్తే తప్పుకుంటుంది. వీహెచ్ మాత్రం బార్ లేనప్పటి ఎత్తునే లెక్కేస్తుంది, దాంతో బటన్ కిందికి జారిపోతుంది. బార్ ఉన్నా లేకున్నా అప్పటి ఎత్తునే లెక్కేసే 'డీవీహెచ్' వాడు. 2022లో పెద్ద బ్రౌజర్లన్నింటిలోకీ వచ్చింది. ల్యాప్‌టాప్ విండోకు ఆ బార్ గొడవ లేదు కనుక అక్కడ నీకు దొరకలేదు.

కోడ్ పంపావు కాబట్టి ఇంకో మాట, తమ్ముడూ. ఫోన్లో పేజీ ఏ సైజులో కనిపించాలో చెప్పే వ్యూపోర్ట్ లైన్లో 'యూజర్ స్కేలబుల్ నో' అని పెట్టావు. అంటే చదివేవాడు రెండు వేళ్లతో పేజీని పెద్దది చేసుకోకూడదని నీ ఆజ్ఞ. ఎందుకయ్యా? మా నాన్నగారి వయసువాళ్లు కరెంటు బిల్లు కట్టడానికి అదే పేజీ తెరుస్తారు. ఐఫోన్ సఫారీ 2016 నుంచీ ఈ ఆజ్ఞను పట్టించుకోవడం లేదు, మంచి పని చేసింది. ఇన్‌పుట్ పెట్టె నొక్కగానే ఐఫోన్‌లో పేజీ జూమ్ అయిపోతోందని చాలామంది ఈ లైన్ పెడతారు. ఆ పెట్టెలో అక్షరాల సైజు 16 పిక్సెళ్ల కన్నా తక్కువ ఉంటేనే అలా జూమ్ అవుతుంది. సైజు 16 చెయ్, జనం కళ్లను వదిలెయ్.

తెలుగు పేజీ కాబట్టి మరొకటి. లైన్ హైట్ (ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు) 1.2 ఇచ్చి, బటన్ ఎత్తు కూడా బిగించేశావు. అది ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయే కొలత. నీ పేజీలో 'రాష్ట్రం' చూడు, 'ష' కింద ఉన్న వత్తులు బటన్ అంచు కింద తెగిపోయి, 'రాషం' లాగా కనిపిస్తోంది. లైన్ హైట్ 1.6 దాకా పెంచు, ఎత్తు బిగించకుండా లోపలి ప్యాడింగ్‌తో (అక్షరాల చుట్టూ వదిలే ఖాళీతో) సర్దు. తెలుగుతో పరీక్షించకపోతే ఏమవుతుందో ప్రపంచమంతా ఒకసారి చూసింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే చాలు, ఖరీదైన ఐఫోన్లలో మెసేజింగ్ యాప్‌లు కుప్పకూలిపోయాయి. సరిచేయడానికి ప్రత్యేకంగా ఒక అప్‌డేటే ఇవ్వాల్సి వచ్చింది. ఆ అక్షరం లేకుండా మనవాళ్లు 'విజ్ఞానం' అని కూడా రాసుకోలేరు, మరి దాంతో పరీక్షించాలని అక్కడ ఒక్కరికీ తట్టలేదు.

స్క్రీన్‌ను బట్టి సర్దుకునే డిజైన్ గురించి ఈథన్ మార్కాట్ అనే వెబ్ డిజైనర్ రాసింది 2010లో. అప్పటి నుంచి ఎన్ని కొత్త పద్ధతులు వచ్చినా, ఆఫీసు వైఫైలో, కొత్త ఫోన్లో, ఏసీ గదిలో చూసి 'అయిపోయింది' అనే పద్ధతి మాత్రం పోలేదు. నీ పేజీని ఒక పాత చవక ఫోన్లో, మిట్టమధ్యాహ్నం బస్టాండ్‌లో నిలబడి తెరిచి చూడు. లేత బూడిద రంగు అక్షరాలు ఎండలో ఎంత 'అందంగా' ఉంటాయో తెలుస్తుంది.

*'మీ ఫోన్లో వైరస్ ఉంది' అని గంటకోసారి వస్తోంది. రిపేరు షాపులో ఫార్మాట్ చేయాలన్నారు. – రిటైర్డ్ టీచర్, రాజమహేంద్రవరం*

మీరు చెప్పినదాన్ని బట్టి అది వైరస్‌లా లేదు మాస్టారూ, ఏదో సైటు 'మీరు రోబో కాదని నిరూపించడానికి అలో (అనుమతించు) నొక్కండి' అంటే నొక్కి ఉంటారు. మీరిచ్చింది నోటిఫికేషన్లు పంపే అనుమతి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. తెలియని పేర్లన్నీ తీసేయండి. ఆగిపోతుంది. ఆ మెసేజ్ మీద నొక్కి ఏ యాపూ దించుకోకండి. ఫార్మాట్ చేయాలన్న షాపుకు మళ్లీ వెళ్లకండి.

*మా కాలనీ సంఘానికి వెబ్‌సైట్ చేయించాలా, సోషల్ మీడియా పేజీ సరిపోతుందా? – సంఘం కార్యదర్శి, నిజామాబాద్*

ఖర్చు సంగతి తర్వాత. ముందు నా కడుపుమంట వినండి. ఈమధ్య ఏ నోటీసు చూసినా సోషల్ మీడియాలో ఫొటోగానే పెడుతున్నారు. కాగితం మీద టైప్ చేసి, సంతకం పెట్టి, స్టాంపు కొట్టి, దాన్ని వంకరగా ఫొటో తీసి పోస్ట్ చేస్తారు. నీళ్లు ఏ రోజు రావో అందులోనే ఉంటుంది. అకౌంట్ లేనివాడు ఆ లింకు నొక్కితే సగం పేజీ చూపించి 'లాగిన్ అవ్వండి' అని అడ్డంగా ఒక తెర వస్తుంది. అకౌంట్ ఉన్నవాడికేమో ఆ నోటీసు మూడో రోజు కనిపిస్తుంది. ఎందుకంటే ఏది ముందు చూపించాలో నిర్ణయించేది తేదీ కాదు, ఆ యాప్ లెక్క. కళ్లు కనిపించనివారి ఫోన్లో అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఫొటోలోని అక్షరాలను సరిగ్గా చదవలేదు. ఆర్నెల్ల తర్వాత వెతికితే దొరకదు. ఇదే నోటీసును అక్షరాలుగా పెడితే ఎంత బరువుంటుందో తెలుసా? తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి. రెండు వేల గుర్తులున్న నోటీసుకు 6 కిలోబైట్లు చాలు. ఫొటో అయితే పదుల రెట్లు, ఒక్కోసారి వందల రెట్లు. సిగ్నల్ ఒక్క గీత ఉన్న చోట ఏది ముందు తెరుచుకుంటుందో చెప్పనక్కర్లేదు.

కాబట్టి చేయించండి. నాలుగు పేజీలు చాలు: నోటీసులు, ఫోన్ నంబర్లు, లెక్కలు, సభ్యులు. స్లైడర్లూ వీడియోలూ వద్దు. సోషల్ మీడియా పేజీ కూడా ఉంచుకోండి, కానీ అక్కడ లింకు మాత్రమే పెట్టండి. డొమైన్ పేరును (సైటు అడ్రసును) సంఘం పేరు మీదే కొనండి, సైటు కట్టే అబ్బాయి పేరు మీద కాదు. రెన్యువల్ మెయిల్ కూడా సంఘం ఈమెయిల్‌కే వచ్చేలా చూసుకోండి.