‘ఆర్కైవల్’ అని అమ్మిన కాగితం పసుపెక్కింది, నష్టం ఎవరు భరించాలి?

ప్రశ్న: విశాఖపట్నంలో ఇంటి ముందు గదిలోనే స్టూడియో నడుపుతున్నాను. పనంతా నేనే చేసుకుంటాను, రద్దీ ఉంటే ఒక కుర్రాడు సాయానికి వస్తాడు. ఒక హోటల్‌కు పాత రేవు, పాత వీధుల 60 నలుపు తెలుపు ఫొటోలు ఇంక్‌జెట్ మీద ప్రింట్ తీసి, ఫ్రేములు కట్టించి ఇచ్చాను. కాగితం హైదరాబాద్ వ్యాపారి దగ్గర ఆన్‌లైన్‌లో కొన్నాను. ఏ3 ప్లస్ సైజు, 25 షీట్ల పెట్టెలు నాలుగు, మొత్తం రూ.36,000. పెట్టె మీద వాళ్ల సొంత బ్రాండు పేరు, కింద ‘నూరు శాతం కాటన్, యాసిడ్ లేదు, ఓబీఏ లేదు, ఆర్కైవల్’ (చిరకాలం నిలిచేది) అని ఉంది. ఎనిమిది నెలలు తిరక్కుండానే కాగితం పసుపెక్కింది. బూడిద షేడ్లు ట్యూబ్‌లైట్ కింద ఆకుపచ్చ ఛాయ కొడుతున్నాయి. హోటల్ వాళ్లు డబ్బు వెనక్కి అడుగుతున్నారు. వ్యాపారి మాత్రం తప్పు మీ ఇంకుది అంటున్నాడు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’, ‘హైదరాబాద్ కోర్టుల పరిధి’ అని బిల్లు మీద ఉన్న మాటలు చూపిస్తున్నాడు. ఒక పెట్టె సీలు విప్పకుండా నా దగ్గరే ఉంది. కేసు వేయవచ్చా? ఇకముందు కాగితం కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: వేయవచ్చు. అయితే మీరు రాసిన రెండు లోపాల్లో ఒకటే కేసుగా నిలుస్తుంది. ఆకుపచ్చ ఛాయ సంగతి ఫిర్యాదులో రాయకండి. రాస్తే వ్యాపారి తరఫు లాయరు దాన్నే పట్టుకుని, మొత్తం గొడవకు మీ ప్రింటింగే కారణమని వాదిస్తారు.

ఆ ఛాయ చాలావరకు కాగితం తప్పు కాదు. ప్రింటరును మామూలు కలర్ మోడ్‌లో ఉంచి నలుపు తెలుపు ఫొటో తీస్తే, బూడిద రంగు సయాన్, మెజెంటా, ఎల్లో ఇంకుల కలయికతో తయారవుతుంది. పగటి వెలుతురులో తటస్థంగా కనబడేది ట్యూబ్‌లైట్ కింద ఆకుపచ్చగానో గులాబీగానో మారుతుంది. రెండు మూడు స్థాయుల నలుపు, బూడిద ఇంకులున్న పిగ్మెంట్ ప్రింటరులో నలుపు తెలుపుకే ప్రత్యేకించిన మోడ్ వాడితే (ఎప్సన్‌లో దీన్ని అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ అంటారు) ఈ బెడద బాగా తగ్గుతుంది. ఆ కాగితానికి సరిపడని ప్రొఫైల్ (ఏ కాగితం మీద ఇంకు ఎలా వేయాలో ప్రింటరుకు చెప్పే ఫైలు) వాడినా ఇదే జరుగుతుంది. ప్రొఫైల్ ఆ వ్యాపారే ఇచ్చి ‘ఇదే వాడండి’ అని రాతపూర్వకంగా చెప్పి ఉంటే తప్ప, దీనికి అతన్ని బాధ్యుణ్ని చేయలేరు.

పసుపెక్కడం వేరే సంగతి. ‘కాగితం నాసిరకం’ అనేది అభిప్రాయం. ‘ఓబీఏ లేదన్నారు, కానీ ఉంది’ అనేది రుజువు చేయగలిగిన విషయం. మీ కేసు రెండో వాక్యం మీద నిలబడాలి. ఓబీఏ అంటే కాగితాన్ని తెల్లగా చూపించే రసాయనం. కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి వెలుగుగా వదులుతుంది, ఆ నీలం కాగితపు సహజమైన లేత పసుపును కప్పేస్తుంది. వెలుతురులో ఉన్నకొద్దీ ఆ శక్తి తరిగిపోయి, కింది పసుపు బయటపడుతుంది. ‘ఆర్కైవల్’ అనే మాటకు మన చట్టాల్లో నిర్వచనం లేదు కాబట్టి ఒక్క ఆ మాట మీద ఆధారపడకండి. చిరకాలం నిలిచే కాగితానికి ఐఎస్ఓ 9706 ప్రమాణం ఉంది. పీహెచ్ 7.5 నుంచి 10 మధ్య ఉండాలని, కనీసం 2 శాతం కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షార నిల్వ (ఆమ్లాన్ని విరిచే గుణం) ఉండాలని అది చెబుతుంది. పెట్టె మీద ఆ నంబరు వేసి ఉంటే మీ చేతికి ఇంకో ఆయుధం దొరికినట్టే.

ముందుగా ఇంట్లో చేయగల పరీక్షలు చేయండి. సీలున్న పెట్టె జోలికి మాత్రం వెళ్లవద్దు. విప్పిన మూడు పెట్టెల్లో 60 ప్రింట్లు పోగా మిగిలిన షీట్లు చాలు. 365 నానోమీటర్ల యూవీ టార్చి తీసుకోండి. చవకగా దొరికే 395 టార్చి ఊదా వెలుగు ఎక్కువగా చిమ్మి కంటిని మోసం చేస్తుంది. చీకటి గదిలో వాడని షీటు మీద వేయండి. ఓబీఏ ఉంటే నీలి తెలుపుగా మెరుస్తుంది, లేకపోతే మసకగా ఉంటుంది. షీటు అంచు చించి పైపూతను, లోపలి కాగితాన్ని విడివిడిగా చూడండి. రెండింటిలో ఏ ఒక్కదానిలో ఉన్నా ‘ఓబీఏ లేదు’ అన్న మాట తప్పినట్టే. తర్వాత హోటల్‌లో ఒక ఫ్రేము విప్పి అదే టార్చి వేయండి. మౌంట్ బోర్డు (ఫ్రేములో ప్రింటు చుట్టూ ఉండే అట్ట) కింద దాగిన అంచు నీలంగా మెరుస్తూ, వెలుతురు తగిలిన భాగం మెరవకపోతే ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. ఓబీఏ ఉండేదనీ, అది తరిగిపోయిందనీ ఒకే షీటు చెబుతుంది.

మీకు ఎదురు తిరిగే ఆనవాళ్లు కూడా ఇక్కడే దొరుకుతాయి. మౌంట్ బోర్డు కోసిన అంచు వెంట గోధుమ రంగు గీత పడితే ఆమ్లం కాగితానిది కాదు, బోర్డుది. వెనక టేపు అంటించిన చోట మాత్రమే పసుపు మచ్చలుంటే జిగురును అనుమానించాలి. మైక్రోపోరస్ (అతి సన్నని రంధ్రాలున్న) పూతలు ప్లాస్టిక్ సంచుల్లోని, టేపుల్లోని కొన్ని రసాయనాలను పీల్చుకుని కూడా పసుపెక్కుతాయి. ఇవన్నీ నోటీసు ఇవ్వక ముందే చూసుకోండి. కనీసం మూడు ఫ్రేములు, వేర్వేరు గోడల మీదివి, ఎవరైనా బయటి మనిషి సమక్షంలో విప్పి వీడియో తీయించండి.

ఇక చట్టం. వస్తు విక్రయ చట్టం, 1930లోని 15వ సెక్షన్ ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. 16వ సెక్షన్ ప్రకారం, ఏ పనికోసం కొంటున్నారో అమ్మకందారుకు తెలియజేసి, అతని నైపుణ్యం మీద ఆధారపడి కొన్నప్పుడు సరుకు ఆ పనికి పనికిరావాలి. ‘హోటల్‌లో గోడకు పెట్టే ప్రింట్లకు, పసుపెక్కకూడదు’ అని మీరు పంపిన వాట్సాప్ సందేశం ఒక్కటున్నా వెతికి తీయండి. వాడేసిన కాగితాన్ని ఇప్పుడు తిరస్కరించలేరు. ఒప్పుకుని వాడుకున్న సరుకు విషయంలో 13వ సెక్షన్ పరిహారానికే దారి వదులుతుంది, 59వ సెక్షన్ కింద ఆ పరిహారం అడగవచ్చు.

మీకు దగ్గరి దారి వినియోగదారుల రక్షణ చట్టం, 2019. ఇక్కడ మొదట వచ్చే అభ్యంతరం ‘ఈయన వ్యాపారానికి కొన్నారు, వినియోగదారుడు కాదు’ అని. స్వయం ఉపాధితో జీవనం గడపడానికే కొని వాడిన సరుకును వ్యాపార ప్రయోజనంగా చూడకూడదని చట్టంలోని 2(7) సెక్షన్ వివరణ చెబుతోంది. ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో (1995) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పారమౌంట్ డిజిటల్ కలర్ ల్యాబ్ కేసులో (2018) స్వయం ఉపాధికి ఫొటో ప్రింటింగ్ యంత్రం కొన్నవారిని వినియోగదారులుగానే గుర్తించింది. అయినా ఒక తేడా దాచను. యంత్రం మీ దగ్గరే ఉండిపోతుంది, కాగితం ప్రింటుగా మారి చేతులు మారుతుంది. ‘ఇది తిరిగి అమ్మకమే’ అని అవతలివారు వాదిస్తారు. కాగితాన్ని కాగితంగా అమ్మలేదు, మీ పనిలో వాడుకున్నారు అన్నదే మీ సమాధానం. బలమైన వాదనే గానీ ఖాయమైన గెలుపు కాదు. మీ సంపాదన ఇదొక్కటే అని ఐటీ రిటర్నులతో, ప్రమాణపత్రంతో ఫిర్యాదులోనే చెప్పండి. జీఎస్టీ నంబరు మీద బిల్లు తీసుకుని ఇన్‌పుట్ క్రెడిట్ వాడుకుని ఉంటే ఆ సంగతి దాచకండి. వాళ్లు బయటపెట్టేలోపు మీరే వివరించండి.

బిల్లు మీది రెండు వాక్యాల గురించి బెంగ వద్దు. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా తీసుకుని డబ్బు వాపసివ్వకపోవడం 2(47) సెక్షన్ కింద అనుచిత వ్యాపార పద్ధతి. ఈ-కామర్స్ నిబంధనలు (2020) కూడా, ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదంటున్నాయి. పరిధి విషయంలో 34వ సెక్షన్ ఫిర్యాదుదారు నివసించే చోటే ఫిర్యాదు వేసే హక్కు ఇచ్చింది కాబట్టి విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. అదే సివిల్ దావా అయితే హైదరాబాద్ పరిధి అన్న షరతు మీద వాదన తప్పదు.

తయారీదారు ఎవరో తెలియదని వ్యాపారి తప్పించుకోలేడు. ఇతరులు చేసిన సరుకు మీద సొంత గుర్తు వేసి అమ్మేవాణ్ని కూడా ఈ చట్టం తయారీదారుగానే చూస్తుంది. ‘ప్రొడక్ట్ లయబిలిటీ’ అధ్యాయం కింద మాత్రం అడగకండి. అందులో ‘హాని’ అన్న మాటలోకి సరుకుకే కలిగిన నష్టం గానీ, వ్యాపార, ఆర్థిక నష్టం గానీ రాదు. మామూలు ‘లోపమున్న సరుకు’, ‘తప్పుడు వర్ణన’ ఫిర్యాదు చాలు.

ముందు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. తప్పనిసరి కాదు, కానీ జవాబులో వాళ్లు ఏ కారణం చెబుతారో తెలిసిపోతుంది. అమ్మకపు పేజీని, పెట్టె ఆరు వైపులనూ, బ్యాచ్ నంబరునూ ఇవాళే ఫొటో తీయండి. నోటీసు అందాక ఆ పేజీలో మాటలు మారిపోవచ్చు. స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ సందేశాలు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేయాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేతం) కూడా ఉంటుంది. వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు, కానీ దానివల్ల కాలపరిమితి ఆగదు. గడువు రెండేళ్లు. పసుపు కనబడిన రోజు నుంచి అని కాకుండా సరుకు అందిన రోజు నుంచి లెక్కేసుకుని వేయడం క్షేమం.

ఫిర్యాదు ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేయవచ్చు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఫిర్యాదుతోపాటే వినియోగదారుల రక్షణ చట్టం 38(2)(సి) కింద ల్యాబ్ పరీక్షకు దరఖాస్తు పెట్టండి. సీలున్న పెట్టె దాచమన్నది ఇందుకే. కమిషనే నమూనా తీసుకుని, సీలు వేసి, గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపుతుంది. 45 రోజుల్లో నివేదిక రావాలి, ఆ రుసుము మీరే జమచేయాలి. ‘పరీక్షించండి’ అని మాత్రమే అడిగితే సరిపోదు. పత్తి నార శాతం, పీహెచ్, క్షార నిల్వ, పూతలోనూ కాగితంలోనూ ఓబీఏ ఉందా లేదా, ఈ నాలుగూ విడివిడిగా తేల్చమనండి. సహారన్‌పూర్‌లోని కేంద్ర పల్ప్ అండ్ పేపర్ పరిశోధన సంస్థ పేరు సూచించవచ్చు.

ఎంత అడగాలి? కాగితం ధర, వాడిన ఇంకు, ఫ్రేములు విప్పి మళ్లీ కట్టే కూలి బిల్లులతో సహా అడగండి. హోటల్‌కు మీరు వాపసివ్వాల్సి వచ్చిన మొత్తం, వ్యాపారికి ఆ ఆర్డరు సంగతి ముందే తెలిసి ఉంటేనే రాబట్టగలరు. ఒప్పందాల చట్టం 73వ సెక్షన్ ఇక్కడే అడ్డం వస్తుంది. పరువు నష్టం పేరుతో లక్షలు వేస్తే కమిషన్‌కు మీ మీద నమ్మకం సడలుతుంది. నష్టాన్ని తగ్గించుకునే బాధ్యత మీకూ ఉంది. తీర్పు వచ్చేదాకా ఆగకుండా హోటల్‌కు మంచి కాగితం మీద మళ్లీ తీసి ఇచ్చి, ఆ ఖర్చు బిల్లులు దాచండి. పాత ప్రింట్లు పారేయకండి.

ఇక మళ్లీ కొనే మాట. నలుపు తెలుపుకు రెండు దారులు. మ్యాట్ (మెరుపు లేని) కాటన్ కాగితం మెత్తని చూపునిస్తుంది. దానికి మ్యాట్ బ్లాక్ ఇంకే వాడాలి, ఫొటో బ్లాక్ వాడితే నలుపు బూడిదగా మిగులుతుంది. సరిగ్గా వాడినా మ్యాట్ మీద నలుపు సాంద్రత (అంకె పెరిగేకొద్దీ నలుపు గాఢం) సుమారు 1.6, 1.7 దగ్గర ఆగుతుంది. బెరైటా (బేరియం సల్ఫేట్ పూత ఉన్న) కాగితం ఫొటో బ్లాక్‌తో 2.2 దాటుతుంది, పాత డార్క్‌రూమ్ ప్రింటు లోతు కావాలంటే అదే. రాత్రి దృశ్యాలు, నీడలు ఎక్కువగా ఉన్న ఫొటోలకు నేను బెరైటానే సూచిస్తాను. ఓబీఏ లేని కాగితం మొదటి రోజు నుంచే కొద్దిగా మీగడ రంగులో ఉంటుంది. స్పెక్ట్రోఫొటోమీటరు (రంగు కొలిచే పరికరం) ఉన్న ప్రెస్సులో కొలిపిస్తే, పసుపు, నీలాల మొగ్గు చూపే ‘బీ’ విలువ ధనంగా వస్తుంది, ఓబీఏ నిండుగా ఉన్నదానికి రుణంగా వస్తుంది. మెరిసే తెలుపూ కావాలి, ఓబీఏ కూడా వద్దు అని అడిగే ఖాతాదారుకు ఆ రెండూ ఒకే కాగితంలో దొరకడం కష్టమని ముందే నమూనా చూపించి చెప్పండి.

ఆర్డరు మాటల్లో కాదు, ఈమెయిల్‌లో పెట్టండి. నార రకం, జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు), పూత మ్యాటా బెరైటానా, పూతలోనూ కాగితంలోనూ ఓబీఏ లేకపోవడం, మీ ప్రింటరు, ఇంకు పేరు, ప్రింట్లు ఎక్కడ వేలాడతాయో అన్నీ రాయండి. ముందు నమూనా షీట్లు తెప్పించి, రెండింటి మీద తేదీ వేసి ఇద్దరూ సంతకం చేసి చెరొకటి ఉంచుకోండి. అప్పుడు వస్తు విక్రయ చట్టం 17వ సెక్షన్ కింద నమూనా చూపి అమ్మిన సరుకు అవుతుంది, పెట్టెల్లోది దానికి సరిపోవాలి. దిగుమతి కాగితమైతే రిటైల్ పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం ఉండాలి. సరుకు వచ్చిన వారంలోపు పెట్టె విప్పడం వీడియో తీసి, టార్చి వేసి, నలుపు నుంచి తెలుపు దాకా 21 మెట్ల బూడిద పట్టీ ప్రింటు తీసి చూడండి. తేడా కనబడితే ఆ రోజే ఈమెయిల్ పెట్టండి. ఊరికే ఉంచుకుంటే అదే చట్టం 42వ సెక్షన్ కింద ఒప్పుకున్నట్టు లెక్క.

చివరగా హోటల్ సంగతి. వ్యాపారి మీద మీరు వాడుతున్న వస్తు విక్రయ చట్టమే మీ మీద హోటల్ వాడగలదు. మీ బిల్లు మీద గానీ, ప్రింటు వెనక గానీ ‘నూరేళ్లు నిలుస్తుంది’ అని రాసి ఉంటే అది మీరిచ్చిన హామీ అవుతుంది. విల్హెల్మ్ ఇమేజింగ్ రీసెర్చ్ లాంటి సంస్థలు చెప్పే ఏళ్ల లెక్కలు ఒక నిర్దిష్ట ఇంకు, కాగితం, అద్దం, వెలుతురు కలిపి పరీక్షించి వేసినవి. అందులో ఒక్కటి మారినా ఆ అంకె మీకు వర్తించదు. కొత్త ప్రింట్లు ఇచ్చేటప్పుడు ఏళ్లు రాయకండి. కాగితం పేరు, బ్యాచ్, ఇంకు, మౌంట్ బోర్డు రకం, నేరుగా ఎండ తగలకూడదన్న షరతు రాసి హోటల్ వారి సంతకం తీసుకోండి. పాత ప్రింట్లు వెనక్కి ఇస్తున్నట్టు కూడా అదే కాగితం మీద రాయించండి, కమిషన్‌లో అవి మీ దగ్గరే ఉండాలి.