తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో స్త్రీల పేర్లు ఎందుకు తక్కువగా కనిపిస్తాయి?

1946–51 మధ్య సాగిన ఈ పోరాటాన్ని దళాలు, ఎదురుకాల్పులు, నాయకుల నిర్ణయాల కథగా రాయడమే ఇందుకు ప్రధాన కారణమని నా అభిప్రాయం. రాత్రివేళ దళానికి అన్నం వండిపెట్టిన చేతులు, కొంగున ముడివేసి ఊరు దాటించిన ఉత్తరాలు, పోలీసులు కొట్టినా పెదవి విప్పని మౌనం ఆ లెక్కలో చేరలేదు. ఇవి లేకుండా ఏ దళమూ అడవిలో నిలిచేది కాదు.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు సాగుచేసిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోవడానికి వచ్చినప్పుడు, ఆమె ఊళ్లోని ఆంధ్ర మహాసభ సంఘం అండతో ఆ ధాన్యాన్ని తన ఇంటికే చేర్చుకుంది. ఒక చాకలి స్త్రీ దొరకు ఎదురు నిలిచి పంట దక్కించుకోవడం ఆనాటి పల్లెల్లో ఊహకందని విషయం. మల్లు స్వరాజ్యం వంటివారు ఆయుధం పట్టి దళాల్లోనే పనిచేశారు.

పోరాటం ముగిశాక చాలామంది స్త్రీలు ఇంటికే పరిమితమయ్యారు. వారిని వెతికి, వారి మాటల్లోనే జ్ఞాపకాలను సేకరించిన స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం పుస్తకం ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో గానీ వెలువడలేదు.