'నో డిస్క్' అంటే డిస్క్ లేదని కాదు

అటకెక్కిన సీడీలు మళ్లీ కిందికి దిగుతున్నట్టున్నాయి. వాటి వెంటే ప్లేయర్లూ దిగుతున్నాయి. దిగిన మర్నాటి నుంచి ఒకటే ఫిర్యాదు, రకరకాల మాటల్లో. అందుకే ఈసారి శీర్షిక మొత్తం సీడీ ప్లేయర్లకే. ప్లగ్ పెట్టారా, డిస్క్ తిరగేసి పెట్టారా అని అడగను. అవి చూసుకున్నాకే రాశారనుకుంటాను.

ప్రశ్న: కొన్నేళ్లు వాడకుండా ఉంచిన ప్లేయర్‌లో ఏ సీడీ వేసినా 'నో డిస్క్' అని వస్తోంది. లేజర్ పోయినట్టేనా?

పోయి ఉండొచ్చు. కానీ ఆ నిర్ణయానికి అన్నిటికంటే చివర రావాలి.

సీడీ లోపలి అంచున, మొదటి పాటకు ముందు, పాటల పట్టిక ఉంటుంది. టీఓసీ అంటారు. ప్లేయర్ చేసే మొదటి పని దాన్ని చదవడం. చదవలేకపోతే, కారణం ఏదైనా సరే, తెర మీద పడేవి ఆ రెండు ముక్కలే. లెన్స్ మీద దుమ్మున్నా అదే మాట, మోటారు అరిగినా అదే మాట, లేజర్ చచ్చినా అదే మాట. ఫోకస్ దొరికిందా, డిస్క్ తిరిగిందా అన్నది లోపలి చిప్‌కు క్షుణ్ణంగా తెలుసు. 'ఫోకస్ లేదు' అని చూపడానికి అదనంగా ఒక్క పైసా ఖర్చవదు. అయినా చెప్పరు. వాడేవాడికి ఎందుకులే అన్న ధోరణి ఇది. ఆ ధోరణి వల్లే బాగుచేస్తే బాగుపడే ప్లేయర్లు చెత్తలోకి పోతున్నాయి.

యంత్రం చెప్పదు కాబట్టి మనమే చూడాలి. ముందు ప్లేయర్‌ను తిరగేసి అడుగు చూడండి. రవాణాలో పికప్ (లేజర్, లెన్స్ ఉండే కదిలే భాగం) కదలకుండా బిగించే స్క్రూ కొన్ని పాత మోడళ్లకు ఉంటుంది. చేతులు మారిన ప్లేయరైతే ఎవరో దాన్ని బిగించి వదిలేసి ఉండొచ్చు. చల్లటి చోటు నుంచి వెచ్చటి గదిలోకి అప్పుడే తెచ్చి ఉంటే లెన్స్ మీద చెమ్మ పడుతుంది. గంటో రెండు గంటలో ఊరికే ఉంచండి.

ఇవేవీ కాకపోతే ప్లగ్ పీకి పై కవర్ తీయండి. మళ్లీ ప్లగ్ పెట్టి గమనించేటప్పుడు కరెంటు వచ్చే బోర్డు వైపు చెయ్యి పోనివ్వద్దు. లెన్స్‌ను పైనుంచి సూటిగా చూడొద్దు. సీడీ లేజర్ 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్, కంటికి దాదాపు కనిపించదు. మసక ఎరుపు ఏదో కనిపించిందని లేజర్ బాగుందనుకోవడం ఎంత తప్పో, ఏమీ కనిపించలేదని లేజర్ లేదనుకోవడం అంతకంటే పెద్ద తప్పు. పక్క నుంచి, కాస్త దూరంగా ఉండి చూడండి.

ట్రే మూసుకోగానే పికప్ మధ్య వైపుకు జరగాలి. తర్వాత లెన్స్ రెండు మూడుసార్లు పైకీ కిందికీ ఆడాలి, ఫోకస్ వెతుక్కోవడం అదే. పికప్ అసలు జరగకపోతే పట్టాల మీద గ్రీజు ఎండి బంకలా పట్టుకుందని అర్థం. లెన్స్ ఆడుతున్నా డిస్క్ తిరగకపోతే ఫోకస్ దొరకలేదు. లెన్స్ మురికో, లేజర్ బలహీనమో. డిస్క్ కాస్త తిరిగి ఆగినా, పిచ్చిపట్టినట్టు వేగం అందుకున్నా మోటారునూ, లేజర్ పాటల దారి తప్పకుండా చూసే ట్రాకింగ్‌నూ అనుమానించాలి.

శుభ్రం చేయడం తేలికే, కానీ చెయ్యి తేలిగ్గా ఉండాలి. ప్లగ్ పీకేసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్ ముంచి, కారకుండా పిండి, లెన్స్ మీద ఐదారు చుట్లు తిప్పండి. పొడి బడ్‌తో ఇంకో రెండు చుట్లు. లెన్స్ సన్నటి తీగల మీద వేలాడుతుంటుంది, నొక్కితే కిందికి దిగుతుంది. బడ్ సొంత బరువుకు మించి దాని మీద పడకూడదు. థిన్నర్, అసిటోన్ ముట్టుకోవద్దు. లెన్స్ చాలావాటిలో ప్లాస్టిక్కే, కరిగి మసకబారుతుంది. చిన్న బ్రష్షులు అతికించి అమ్మే 'లెన్స్ క్లీనర్' డిస్క్‌ల మీద నాకు సదభిప్రాయం లేదు. తిరుగుతున్న బ్రష్ వచ్చి తగిలేది ఆ సన్నటి తీగల మీద నిలిచిన లెన్స్‌కే. పైగా లెన్స్ కింద చేరిన దుమ్ము దానికి అందదు. పట్టాల మీది పాత గ్రీజును పూర్తిగా తుడిచేశాకే ప్లాస్టిక్‌కు పడే కొత్త గ్రీజు పూయండి, మెరుపు కనిపించేంత చాలు.

ఇక పికప్ పక్కన చిన్న స్క్రూలాంటిది కనిపిస్తుంది. దాన్ని కాస్త తిప్పితే లేజర్ బలం పెరుగుతుందని చిట్కా వీడియోలు ఊదరగొడుతున్నాయి. పెరుగుతుంది, నిజమే. బలహీనపడ్డ లేజర్ డయోడ్‌కు ఎక్కువ కరెంటు ఇస్తే కొన్నాళ్లు పాడి, తర్వాత శాశ్వతంగా నోరు మూసుకుంటుంది. ఎక్కడి నుంచి తిప్పారో గుర్తు పెట్టుకోకపోతే వెనక్కి రావడానికీ దారి ఉండదు. దాన్ని వదిలేయండి. పికప్ మార్చాల్సి వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి: కొత్తవాటిలో చాలావరకు స్టాటిక్ (స్థిర విద్యుత్) దెబ్బ తగలకుండా రెండు బిందువులను సోల్డర్‌తో కలిపి పంపుతారు. కేబుల్ తగిలించాక ఆ సోల్డర్ తీయాలి. తీయకపోతే కొత్త పికప్ కూడా 'నో డిస్క్' అనే అంటుంది, మీరేమో నకిలీ సరుకు ఇచ్చారని అమ్మినవాణ్ణి తిడతారు.

ప్రశ్న: మొదటి రెండు పాటలు తడబడతాయి, తర్వాతవి బాగానే వస్తాయి. డిస్క్ తప్పా, ప్లేయర్ తప్పా?

ఇంకో నాలుగు డిస్క్‌లు వేసి చూడండి. ఒక్క డిస్క్‌లోనే అయితే తప్పు డిస్క్‌ది. అన్నిటిలోనూ మొదట్లోనే అయితే డిస్క్‌ను తిప్పే మోటారుది. సీడీ లోపలి నుంచి బయటికి చదవబడుతుంది. మొదట్లో నిమిషానికి దాదాపు 500 చుట్లు తిరగాలి, చివరికొచ్చేసరికి 200 చాలు. అరిగిన మోటారుకు ఆ 500 అందుకోవడమే కష్టం. ప్రతి డిస్క్‌లోనూ సరిగ్గా అదే నిమిషం దగ్గర తడబడితే మాత్రం మోటారు జోలికి పోవద్దు. పట్టా మీదో, పళ్ల చక్రంలోనో ఆ చోట ఏదో ఇరుక్కుంది.

ప్రశ్న: గీతలు పడ్డ సీడీలకు టూత్‌పేస్ట్ రుద్దితే పోతాయా?

మెరిసే వైపు పైపైన పడ్డ సన్నటి గీతలు కొంత పోతాయి. ఎలాగూ పాడని డిస్క్ మీదైతే ప్రయత్నించండి, పాడుతున్నదాని మీద వద్దు.

అసలు అందరూ తప్పు వైపును కాపాడుకుంటున్నారు. మెరిసే వైపు 1.2 మిల్లీమీటర్ల మందాన పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్ ఉంది. లేజర్ ఆ పైపొర దగ్గర దాదాపు 0.8 మిల్లీమీటర్ల వెడల్పున ప్రవేశించి, సమాచారం ఉన్న పొర చేరేసరికి మైక్రాన్ల చుక్కగా కుదించుకుంటుంది. అందుకే పైన పడ్డ చిన్న దుమ్మూ గీతా దానికి మసకగానే తగులుతాయి. తప్పులు సరిదిద్దే పద్ధతి కూడా ఉంది కనుక ట్రాక్ పొడవున దాదాపు 2.5 మిల్లీమీటర్ల మేర సమాచారం పోయినా పాట చెక్కుచెదరకుండా వస్తుంది. లేబుల్ వైపు సంగతి వేరు. అల్యూమినియం పొర ఉన్నది అటే, దాని మీద పల్చటి రక్షణ పూత, ఆపైన అచ్చు రంగు. అంతే. అటు గీత పడితే పాటే ఊడిపోతుంది, ఏ పేస్టూ దాన్ని తిరిగి అతికించదు. అయినా డిస్క్‌ను బల్ల మీద పెట్టేటప్పుడు మెరిసే వైపు పైకి ఉండేలా, లేబుల్ బల్లకు రాసుకునేలా పెడతారు! దీపానికి ఎదురుగా పట్టి చూడండి. సూది బెజ్జాల్లా వెలుతురు కనిపిస్తే నష్టం ఆ పొరలోనే జరిగింది.

తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు, సూటిగా. గుండ్రంగా తుడవకండి. ట్రాక్‌కు అడ్డంగా పడ్డ గీతను లేజర్ ఒక్క క్షణంలో దాటేస్తుంది. ట్రాక్ వెంబడి పడ్డ గీతలో మాత్రం ఇరుక్కుపోతుంది.

ప్రశ్న: ఇంట్లో రైట్ చేసుకున్న సీడీలు కంప్యూటర్‌లో పాడతాయి, ప్లేయర్‌లో పాడవు.

మూడు చూడండి. రైట్ చేశాక 'ఫైనలైజ్' చేశారా, అంటే ఇక రాయడానికి లేకుండా డిస్క్‌ను ముగించారా? ఆడియో సీడీగా చేశారా, లేక ఎంపీ3 ఫైళ్లను డేటాగా ఎక్కించారా? పాత ప్లేయర్లకు ఎంపీ3 అంటే ఏమిటో తెలియదు. మూడోది, అది మళ్లీ మళ్లీ రాసుకునే రకం డిస్కా? వాటి మెరుపు మామూలు సీడీలో మూడో వంతు కూడా ఉండదు, పాత పికప్‌కు అది చాలదు.

ప్రశ్న: పాత ఆడియో సీడీని కంప్యూటర్‌లో కాపీ చేద్దామని పెడితే, ముందు 'ప్లేయర్ సాఫ్ట్‌వేర్' ఇన్‌స్టాల్ చేయమంటోంది. చేయొచ్చా?

వద్దు. కాన్సిల్ కొట్టి డిస్క్ బయటికి తీయండి. ఇక్కడ కాస్త తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే లెన్స్ పోతే ప్లేయర్ పోతుంది, ఇక్కడ పొరపడితే కంప్యూటరే పోతుంది.

పాటల డిస్క్‌లో పాటలే ఉంటాయనుకోవడం సహజం. కానీ ఆడియో తర్వాత రెండో భాగంగా కంప్యూటర్ ప్రోగ్రాములనూ ఎక్కించవచ్చు. 2000 తర్వాత కొన్నేళ్లు సంగీత సంస్థలు కాపీలను ఆపడానికి ఈ సందునే వాడుకున్నాయి. 2005లో బయటపడిన ఉదంతం వీటన్నిటిలో దారుణం. ఒక పెద్ద సంస్థ సీడీలను విండోస్ కంప్యూటర్‌లో పెట్టి, వచ్చిన ఒప్పందానికి సరే అంటే, లోపల, తన ఉనికిని దాచుకునే రహస్య ప్రోగ్రాము, అంటే ఒక రూట్‌కిట్ దిగేది. ఒక నిర్ణీత అక్షరాలతో పేరు మొదలయ్యే ప్రతి ఫైలునూ, ప్రతి ప్రోగ్రామునూ అది సిస్టమ్‌కే కనిపించకుండా దాచేసేది. ఆ సంగతి ఒప్పందంలో లేదు. కొద్ది రోజుల్లోనే వైరస్ రాసేవాళ్లు తమ ఫైళ్లకూ అవే అక్షరాలు తగిలించి ఆ చాటున దూరారు. తీసేయడానికంటూ సంస్థ ఇచ్చిన టూల్ ఇంకా ఘనమైనది: దాన్ని వాడిన కంప్యూటర్‌లో ఏ వెబ్‌సైటైనా తన ప్రోగ్రాము నడిపించగలిగేంత కన్నం మిగిల్చింది. చివరకు డిస్క్‌లు వెనక్కి తీసుకున్నారు. అమ్ముడుపోయినవన్నీ వెనక్కి రాలేదు. పాత సీడీల గుట్టల్లో అవి ఇప్పటికీ తిరుగుతూనే ఉంటాయి.

ఇప్పటి 64 బిట్ విండోస్ డిజిటల్ సంతకం లేని డ్రైవర్లను ఒప్పుకోదు కనుక ఆ పాత రూట్‌కిట్ ఉన్నదున్నట్టు దిగడం కష్టమే. దాన్ని నమ్ముకుని కూర్చోకండి. అటక మీది పాత కంప్యూటర్‌నే సీడీల కోసం కిందికి దించేవాళ్లు ఎక్కువ, దాని రక్షణ దాని కాలం నాటిదే. విండోస్ 7 నుంచి పెన్‌డ్రైవ్‌లకు దానంతటదే ప్రోగ్రాము నడిచే ఆటోరన్ తీసేశారు గానీ సీడీ, డీవీడీలకు 'ఇది నడపనా' అన్న ప్రశ్న ఉంచారు. ఆ ప్రశ్న కూడా వద్దంటే విండోస్ 11 సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, అందులో ఆటోప్లే, అక్కడ ఆఫ్. విండోస్ 10 అయితే డివైసెస్ కింద ఉంటుంది. అది చేయని కంప్యూటర్‌లో డిస్క్ పెట్టేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకోండి. కాపీ చేసే ప్రోగ్రామును డిస్క్ నుంచి కాదు, దాన్ని తయారుచేసినవాళ్ల సొంత సైట్ నుంచే తెచ్చుకోండి. 'ఉచిత రిప్పర్' అని వెతికితే మొదట కనిపించే డౌన్‌లోడ్ బటన్‌ను నొక్కేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ఇంతా చూశాక పరిశ్రమ ఏం నేర్చుకుందయ్యా అంటే, ఇప్పుడు ప్లేయర్‌కే వైఫై తగిలించింది. పాటల పేర్లు చూపడానికట. యాప్ పెట్టుకోమంటారు, ఆ యాప్ లొకేషన్ అడుగుతుంది, ఖాతా తెరవమంటుంది. లెన్స్ పదిహేనేళ్లు పనిచేయొచ్చు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు అన్నేళ్లు రావు. అప్‌డేట్లు ఆగిన రోజు నుంచీ మీ ఇంటి నెట్‌వర్క్‌లో తాళం లేని తలుపు ఒకటి సోఫా పక్కనే ఉంటుంది. 44,100 హెర్ట్జ్, 16 బిట్లు: సీడీలో ఉన్నది ఇంతే, దాన్ని చదవడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. అలాంటి ప్లేయర్ కొనేసి ఉంటే వైఫై వివరాలు ఇవ్వకుండా వాడండి. తప్పదంటే రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి దానికి కలపండి.

ప్రశ్న: ట్రే తెరుచుకోదు, లోపల గిర్రుమని శబ్దం వస్తుంది.

మోటారు తిరుగుతోంది, బెల్ట్ జారుతోంది. రబ్బరు సాగిపోయింది. స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి. ప్లగ్ పీకి కవర్ తీసి, ట్రే ముందు భాగాన ఉండే పళ్ల చక్రాన్ని వేలితో తిప్పితే ట్రే బయటికొస్తుంది. పాత బెల్ట్ తీసి, రెండు వైపులా ఆనేలా చదునుగా పరిచి పొడవు కొలవండి. దానికి రెట్టింపే చుట్టుకొలత. కొత్తది అంతకంటే ఐదు శాతం వరకు చిన్నదిగా, అదే మందంలో తీసుకోండి. పుల్లీలను ఆల్కహాల్‌తో తుడవకుండా కొత్త బెల్ట్ వేస్తే అది కూడా జారుతుంది. పాత బెల్ట్‌ను వేడినీళ్లలో వేస్తే బిగుస్తుంది, కొత్తది వచ్చేదాకా అది గడుపుతుంది, అంతకు మించి కాదు.

ట్రే లేకుండా సందులోంచి డిస్క్ మింగే రకం ప్లేయర్లు ఉన్నవాళ్లు స్టిక్కర్ అంటించిన డిస్క్‌లూ, 8 సెంటీమీటర్ల చిన్న సీడీలూ అందులో పెట్టకండి. లోపలికి పోతాయి. బయటికి రావడం వాటి ఇష్టం.

ప్రశ్న: కొత్తగా ఆంప్లిఫయర్‌కు కలిపాను, పాట చీలిపోయినట్టు, చెవులు పగిలేలా వస్తోంది.

ఫోనో అని రాసి ఉన్న చోట తగిలించారు. అది గ్రామఫోను సూది నుంచి వచ్చే అతి బలహీనమైన సిగ్నల్ కోసం. సీడీ ప్లేయర్ దాదాపు 2 వోల్టులు పంపుతుంది. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, వైర్లు తీసి సీడీ లేదా ఆక్స్ అని ఉన్న చోట పెట్టండి.